లైనింగ్ లేని ఎండాకాలం

ఏటా మార్చి ఆఖరికల్లా పేపర్ల అనుబంధాల్లో ఒకటే వ్యాసం వస్తుంది. లేత రంగులు వేసుకోండి, పల్చటి నూలు బట్టలు ఎంచుకోండి, బిగుతైనవి వద్దు. పక్కన బొమ్మలో చేతుల్లేని తెల్ల గౌను వేసుకున్న అమ్మాయి, చేతిలో పుచ్చకాయ ముక్క. ఈ ఏడూ తప్పలేదు. కరెంటు పోయిన ఓ మధ్యాహ్నం మా స్టాఫ్‌రూమ్‌లో మ్యాథ్స్ మేడం దాన్ని పైకి చదివి, "ఇది వేసుకుని సెకండియర్ క్లాసుకి ఎవరెళ్తారో చేతులెత్తండి" అంది. ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే చంకల్లో చెమట మరకలు బయటపడతాయని కూడా కావచ్చు. ఆవిడ ఆ పేజీనే నాలుగు మడతలు పెట్టి విసురుకుంది.

ఆ సలహాలో అబద్ధం లేదు. ఒంటి మీద ఒక్క పొరతో బయటికి వెళ్లగలిగేవాళ్ల కోసం రాసిన సలహా అది. బోర్డు మీద రాస్తుంటే నడుము కనపడకూడదు, వెలుతురుకి అడ్డంగా నిలబడితే లోపలివి తెలియకూడదు, అలాగని చూడ్డానికి దిండు గలీబులానూ ఉండకూడదు అనుకునే మాలాంటివాళ్లు దాన్ని పాటిస్తే ఉన్న ఉక్క రెట్టింపవుతుంది. లేత రంగూ పల్చటి బట్టా కలిశాయంటే లైనింగ్ వేయించక తప్పదు. లైనింగ్ వచ్చిందంటే పల్చదనం వల్ల రావలసిన లాభం అక్కడితో సరి. అందుకే నా మాట దీనికి తిరగేసి ఉంటుంది. నిండుగా కప్పుకోవాలనుకునే ఆడవాళ్లకి ఎండాకాలంలో కావలసింది ముదురు రంగో, ఒత్తు ప్రింటో ఉన్న మధ్యరకం మందం నూలు. లోపల లైనింగ్ ఉండకూడదు. భుజాల దగ్గర తప్ప అది ఎక్కడా ఒంటిని పట్టుకోకూడదు.

లోపల ఎన్ని ఉన్నాయి?

దారపు పూలు కుట్టిన తెల్ల చికన్‌కారీ కుర్తీని కొట్లో హ్యాంగర్ మీద చూస్తే ప్రాణం లేచొస్తుంది. ఇంటికి తెచ్చాక మొదలవుతుంది అసలు కథ. ముందు లోదుస్తులు, వాటి మీద స్లిప్పు, దాని మీద లైనింగ్, దాని మీద కుర్తీ, ఆపైన రెండు వైపులా పిన్నులు పెట్టిన చున్నీ. ఎద మీద ఐదు పొరలు. పేపరువాళ్లు చెప్పిన ఆ నూలు బట్ట ఒంటికి తగలనే తగలదు. తగిలేదల్లా కుట్టినవాళ్లు లోపల ఏం వేశారో అది. రెడీమేడ్ వాటిలో చాలావరకు పాలిస్టర్ క్రేప్ వేస్తారు. ట్యాగ్ మీద ప్యూర్ కాటన్ అని ఉంటే అది పైబట్ట సంగతి.

పాలిస్టర్ అనగానే ఎందుకింత చిరాకు అంటే, లెక్క ఇదీ. మామూలు గాలిలో నూలు తన బరువులో దాదాపు 8 శాతం తేమను పట్టి ఉంచుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. ఒంటి మీది చెమట లీటరు పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోక్యాలరీల వేడిని తీసుకుపోతుంది. అదే చెమట ఆవిరవకుండా వీపు మీద నుంచి నడుం దాకా కారిపోతే ఒంటికి ఒరిగేదేమీ లేదు, బట్ట తడవడం తప్ప. ఐదు పొరల కింద జరిగేది ఆ కారడమే.

దీనికో ఎదురు ప్రశ్న ఉంది, అడిగింది మా అబ్బాయే. "మరి క్రికెటర్లు పాలిస్టర్ జెర్సీలే కదమ్మా వేసుకునేది?" నిజమే. ఆ జెర్సీ చిన్న చిన్న రంధ్రాలున్న అల్లిక. చెమటను లోపలి నుంచి పైకి లాగి పరిచేస్తుంది, పరుగెత్తేవాడికి గాలి తగిలి ఆరిపోతుంది. పైగా అతని ఒంటి మీద ఉన్నది అదొక్కటే. లైనింగ్ క్రేప్‌కి ఆ అల్లికా లేదు, ఆ గాలీ లేదు. అలాగని నూలుని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. విజయవాడ మే నెల ఉక్కలో పూర్తిగా తడిసిన నూలు గంటలకొద్దీ ఆరదు. అతుక్కుంటుంది, బరువెక్కుతుంది. కాటన్ అయితే చాలు అనేవాళ్లతో నాకు పేచీ అక్కడే. ఏ నూలు అన్నదాని కన్నా అది ఒంటికీ గాలికీ మధ్య ఎంత చోటు వదిలింది అన్నదే ఎక్కువ పనిచేస్తుంది. మా పెద్దమ్మ వాళ్లు గంజి పెట్టింది మడత నిలవడానికే అనుకుంటాం గానీ, గంజి పెట్టిన చీర ఒంటికి అంటుకోకుండా నిలబడి ఉంటుంది, లోపల గాలి ఆడుతుంది. మరీ చిక్కటి గంజి పెడితే మాత్రం అట్టకట్టి ఆ గాలికీ దారుండదు.

నలుపంటే భయం

ముదురు రంగులు వేసుకోమంటే మొదట వచ్చే అభ్యంతరం, నలుపు వేడిని లాగుతుంది కదా అని. లాగుతుంది. బళ్లో చదువుకున్న సైన్సే అది. కానీ లాగిన వేడి ఎక్కడికి పోతుందన్నది రెండో ప్రశ్న.

సినాయ్ ఎడారిలో బెదూయిన్లనే సంచార అరబ్బులు నల్లటి వదులు అంగీలు వేసుకుంటారు. అంత ఎండలో నలుపేమిటని కొందరు శాస్త్రవేత్తలు ఒక మనిషిని నెగెవ్ ఎడారిలో మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి చూశారు. నల్ల అంగీతో ఒకసారి, తెల్ల అంగీతో ఒకసారి, సైనిక దుస్తులతో ఒకసారి, నిక్కరుతో ఒకసారి. వేడి 35 నుంచి 46 డిగ్రీలు. 1980లో నేచర్ అనే సైన్సు పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. నల్ల అంగీ బట్ట ఎక్కువ వేడెక్కిన మాట నిజమే గానీ, ఒంటికి చేరిన వేడి మాత్రం తెల్ల అంగీలోనూ నల్ల అంగీలోనూ ఒకటే. నలుపు అదనంగా లాగిన వేడి, వదులుగా ఉన్న బట్ట కింద కదిలే గాలితో బయటికి పోయింది.

ఇది పట్టుకుని మండుటెండలో బిగుతైన నల్ల టాప్ వేసుకోమనడం లేదు నేను. అక్కడ ఎడారి గాలి ఉంది, పొడి వాతావరణం ఉంది, అన్నిటికన్నా ముందు అంగీ వదులుగా ఉంది. మన కోస్తాలో గాలే తడిగా ఉంటుంది. కాబట్టి నేను తీసుకునేది అందులోంచి సగమే. బట్ట వదులుగా ఉంటే రంగు గురించి అంత టెన్షన్ పడక్కర్లేదు. నాకా సగం చాలు, ఎందుకంటే మనం రోజంతా ఎండలో నిలబడం. ఇంటి నుంచి ఆటో, ఆటో నుంచి కాలేజీ గేటు, ఆ తర్వాత ఏడెనిమిది గంటలు ఫ్యాను కింద, అదీ తిరిగితే. ఆ నీడలో తెలుపు వల్ల ప్రత్యేకంగా వచ్చేదేమీ లేదు. లోపలి లైనింగ్ వల్ల పోయేది మాత్రం రోజంతా పోతూనే ఉంటుంది.

రంగుల్లో మరకల సంగతి కూడా ఉంది, దాన్ని ఎవరూ రాయరు. చెమట మరక అన్నిటికన్నా ఘోరంగా కనిపించేది బూడిద రంగులో, లేత నీలంలో, లేత గులాబీలో. అంటే సరిగ్గా వేసవి రంగులని కొట్లో వేలాడదీసేవాటిలోనే. ముదురు నీలం, మెరూన్, ముదురు ఆకుపచ్చ మీద చిన్న ప్రింటు ఉంటే తడిసిందో లేదో పక్కనున్న మనిషికి కూడా తెలియదు. పెడన కలంకారీ అద్దకం బట్టలు నాకందుకే ఇష్టం. ఖాళీ లేకుండా తీగలూ పువ్వులూ నిండి ఉంటాయి, లోపలి గీతలు కనపడవు. పోచంపల్లి ఇక్కత్ నూలైతే దారానికే రంగు వేసి నేస్తారు గనక బట్టకి రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది. పైపైన ప్రింటు కొట్టి వెనక తెల్లగా వదిలేసిన బట్టలా వెలుతురుకి దొరికిపోదు. మంగళగిరి మాకు పక్కనే. గుంట మగ్గాల మీద ఒత్తుగా నేస్తారు, బట్ట మధ్యలో బుటాలుండవు, అంచుకే అందమంతా. ముదురు రంగు మంగళగిరి డ్రస్ మెటీరియల్‌తో కుర్తా కుట్టిస్తే లైనింగ్ అడిగే టైలర్‌ని ఇంకా చూడలేదు. వెంకటగిరి, పొందూరు నేతలు వేరే లోకం. అవి పల్చదనానికి పేరుపడ్డవి, అందులోనే వాటి గొప్ప. చీరగా కడితే కుచ్చిళ్లూ పైటా కలిసి పల్చదనాన్ని కప్పేస్తాయి. కుర్తాగా మాత్రం లైనింగ్ అడుగుతాయి.

కొట్లో నేను చేసేది చెప్తాను. ట్యూబ్‌లైట్ల కింద ప్రతి బట్టా మందంగానే కనిపిస్తుంది. బట్ట తానుని పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, లోపల చెయ్యి పెట్టి వెలుతురుకి ఎత్తి చూస్తాను. గాజులు లెక్కపెట్టగలిగితే వద్దు. విజయవాడ వన్‌టౌన్‌లో కొట్టబ్బాయిలు దీనికి ఒకటే జవాబు నేర్చుకున్నారు. "లైనింగ్ వేయించుకుంటారు కదా మేడం!" బట్టలో లోపం బట్టది కాదు, నేను లైనింగ్ వేయించుకోకపోవడానిదన్నమాట. ప్యూర్ కాటన్ అన్న మాట మీద అనుమానం వస్తే, కొన్నాక అంచు నుంచి రెండు దారాలు లాగి ఇంట్లో కాల్చి చూడండి. నూలు కాగితం కాలిన వాసన వేసి బూడిదవుతుంది, నలిపితే పొడి. పాలిస్టర్ ముడుచుకుపోయి నల్లటి గట్టి పూసవుతుంది. రేయాన్ కూడా కాగితంలాగే కాలుతుంది కాబట్టి దాన్ని ఈ పరీక్ష పట్టివ్వదు. రేయాన్‌ని చేత్తో పడతాం. జారుతూ చల్లగా ఉంటుంది, తడిస్తే చర్మానికి అతుక్కుని వదలదు.

చీర చల్లన అన్నది ఏ చీర?

ఇక్కడికొచ్చేసరికి పెద్దవాళ్లు అడ్డం పడతారు. "ఈ కుర్తాలూ గోలా ఎందుకే, నూలు చీర కట్టుకో, అంతకన్నా చల్లటిది లేదు" అని మా పెద్దమ్మ. ఆవిడ కట్టుకునే చీర గురించైతే నూటికి నూరుపాళ్లు నిజం. నాలుగైదేళ్లు ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీర, నూలు లంగా, లైనింగ్ లేని వదులు జాకెట్టు, మోచేతి దాకా చేతులు. కుర్చీలో కూర్చుంటే ఫ్యాను గాలి ఆవిడ పక్కల్లోంచి పోవడం కనిపిస్తుంది.

మేం కట్టుకునేది ఆ చీర కాదు. జాకెట్టుకి లైనింగ్, మెడ దగ్గర లోపల క్యాన్వాస్, ఛాతీకి ప్యాడ్లు. నడుము దగ్గర శాటిన్ లంగా బొందు, దాని మీద దోపిన చుట్టు, దాని మీద కుచ్చిళ్లు. బొడ్డు దగ్గర పదిహేను పొరల దాకా పోగవుతాయి. ఇప్పుడు లంగా బదులు సాగే బిగుతు షేప్‌వేర్ వచ్చింది. చీర సన్నగా, అందంగా పడుతుంది, ఒప్పుకుంటాను. సాయంత్రం విప్పుతుంటే చర్మం ఊడొస్తున్నట్టుంటుంది, అదీ ఒప్పుకోవాలి.

బొందు బిగింపు ఉత్త చిరాకుతో పోయేది కూడా కాదు. ఏళ్ల తరబడి ఒకేచోట నడుం ఒరుసుకుపోయి పుండుపడి, అది చర్మ క్యాన్సర్‌గా మారిన ఇద్దరు స్త్రీల గురించి 2024లో మన దేశపు డాక్టర్లు బీఎంజే కేస్ రిపోర్ట్స్ అనే వైద్య పత్రికలో రాశారు. చాలా అరుదైన సంగతి, చీర కట్టేవాళ్లంతా భయపడాల్సింది కాదు. వాట్సాప్‌లో అది చీర క్యాన్సర్ అనే పేరుతో తిరిగి ఊరంతా హడలగొట్టింది. గమనించాల్సిందేమిటంటే, ఆ ఇద్దరిలో ఒకావిడ లంగానే కట్టదు, చీరనే నడుముకి బిగించి కట్టేది. తప్పు చీరదీ కాదు, లంగాదీ కాదు, బిగింపుది. బొందు బదులు వెడల్పాటి బెల్టు కుట్టించుకుంటే సగం బాధ తగ్గుతుంది. ఏ టైలరైనా కుడతారు, అడగాలంతే.

"నైటీలా ఉంటుంది మేడం"

వదులుగా కుట్టమని అడగడం మాత్రం అంత తేలిక కాదు. మా టైలరమ్మ మంచి పనిమంతురాలు. నేను చెప్పిన కొలతలు రాసుకుంటూ రాసుకుంటూ ఆగిపోయి, "ఇంత లూజు పెడితే నైటీలా ఉంటుంది మేడం" అంది. నాకోసమే అంది పాపం. ఆవిడ లెక్కలో ఫిట్టింగ్ అంటే అన్నిచోట్లా ఒంటిని పట్టి ఉండటం. చంక దగ్గర ఎత్తుగా కోసి, ఛాతీకి డాట్ల మడతలు వేసి, నడుము దగ్గర లోపలికి లాగి, చేతులు గాజుల్లా బిగించి ఇస్తుంది. కుట్టు మీద మచ్చ లేదు. చెయ్యెత్తి బోర్డు మీద రాస్తే చంకలో కుట్టు కోస్తుంది, కుర్తా మొత్తం పైకి లేస్తుంది.

ఆవిడ మాటలో కొంత నిజం లేకపోలేదు, దాని గురించే ఎక్కువ ఆలోచించాను. రెండు సైజులు పెద్దది కొని వేసుకుంటే నిజంగానే నైటీలా ఉంటుంది. చల్లగా ఉంటే చాలదా, అందం దేనికి అనేవాళ్ల కోవలో నేను లేను. రోజూ అరవైమంది ఎదుట నిలబడే పని నాది. వేసుకున్న బట్ట నప్పిన రోజు గొంతు కూడా బాగా పలుకుతుంది. చివరికి అర్థమైందేమిటంటే, చూసేవాళ్ల కన్ను మొదట పట్టుకునేది భుజాన్నీ మెడనీ. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక మీద ఆగి, మెడ కోత ఒంటికి నప్పితే, కింద ఎంత వదులున్నా మనిషి తీరుగానే కనిపిస్తుంది. భుజం జారిందంటే మాత్రం ఎంత ఖరీదైన బట్టైనా అరువు తెచ్చుకున్నట్టుంటుంది. కాబట్టి ఇప్పుడు టైలరమ్మతో బేరం ఇదీ. భుజం, మెడ ఆవిడ ఇష్టప్రకారం అతికినట్టు. చంక కిందకి. డాట్లు వద్దు. చేతులు మోచేయి దాటేలా, కానీ గంటలా వెడల్పుగా. పక్క కట్స్ నడుము కింద నుంచి కాకుండా తొడ మధ్య నుంచి. కింద లెగ్గింగ్ స్థానంలో నూలు ప్యాంటు, చీలమండ పైకి. జేబు ఉంటే మరీ మంచిది. జేబు మాటెత్తితే ఇప్పటికీ నవ్వుతుంది.

చున్నీ గురించి ఏం చెప్పాలో నాకు తేలలేదు. ఒత్తు ప్రింటు, వదులు కుర్తా, నిండు మెడ ఉన్నాక దాని అవసరం ఏమిటి? బట్ట చేయాల్సిన పని బట్టే చేస్తోంది. అయినా అది లేకుండా క్లాసుకి వెళ్లడానికి నాకు కాళ్లు రావు. అది నా అలవాటో, నలుగురి చూపుల భయమో విడదీసి చెప్పలేను. స్టాఫ్‌రూమ్‌లో మగవాళ్లు లేనప్పుడు అందరం చున్నీలు తీసి కుర్చీల వీపుల మీద వేసేస్తాం. గుమ్మం దగ్గర అటెండర్ అడుగుల చప్పుడైతే అన్నీ ఒక్కసారి భుజాల మీదకి ఎగురుతాయి. దీనికి బట్టలో జవాబు లేదు.

చీర మీద చొక్కా

ఇదంతా నెల జీతం తీసుకునే మనిషి రాతలు, ఆ సంగతి నాకు తెలుసు. నేతబట్టకి డబ్బు కావాలి, గంజికీ ఇస్త్రీకీ తీరిక కావాలి. పొద్దున్నే ఐదింటికి లేచి వండిపెట్టి పనికి పరుగెత్తే ఆవిడ సింథటిక్ చీర కట్టుకుంటుందంటే నూలు విలువ తెలియక కాదు. ఉతికి ఆరేస్తే గంటలో ఆరుతుంది, నలగదు, మూడు వందలకొస్తుంది. ఆవిడకి వెళ్లి కాటన్ గురించి చెప్పే మొహం నాకు లేదు.

కానీ మిరప చేలల్లో, ఉపాధి హామీ పనుల దగ్గర ఆడవాళ్లని చూడండి. చీర మీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్ చొక్కా, తల చుట్టూ తువ్వాలు. చొక్కా ఇంట్లో మగవాళ్లదే, పాతబడి మెత్తబడినది. భుజాల దాకా వదులు, చేతులు పూర్తిగా కప్పుతుంది, ఎండా తగలదు, మిరప ఘాటూ నేరుగా చర్మానికి అంటదు, పైజేబులో ఫోను. నిండుదనం, వదులు, నీడ, జేబు అన్నీ కుదిరిన బట్ట అది. ఏ అనుబంధంలోనూ దాని బొమ్మ వేయరు. గాలి మన ఒంటి కన్నా వేడిగా ఉన్నప్పుడు చర్మాన్ని గాలికి వదిలేస్తే చల్లబడదు, ఇంకా కాగుతుంది. రామగుండం, రెంటచింతల వైపు వడగాలి తెలిసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లో స్కూటీ మీద వెళ్లే అమ్మాయిలు ముఖం చుట్టూ చున్నీ చుట్టి, చేతులకి తొడుగులేసుకునేదీ అందుకే. అక్కడ కప్పుకోవడమే చల్లదనం. బందరు వైపు ఉక్కలో మాత్రం కప్పిన బట్ట కింద గాలి ఆడకపోతే ఊపిరాడదు.

జూన్ యూనిఫాం

ఇదంతా నేను నా బట్టలు నేను ఎంచుకోగలిగిన స్థితిలో ఉండి మాట్లాడుతున్నాను. మా పిల్లలకి ఆ వీలు లేదు. ఇంటర్ అమ్మాయిల యూనిఫాం చుడీదార్, దాని మీద చున్నీకి బదులుగా చేతుల్లేని కోటు. బట్టలో పాలిస్టర్ పాలే ఎక్కువ. కోటుకి లోపల మళ్లీ లైనింగ్. జూన్‌లో కాలేజీలు తెరిచేసరికి రోహిణి కార్తె వేడి ఇంకా గోడల్లోనే ఉంటుంది. మూడో అంతస్తు, రేకుల షెడ్డు పక్క క్లాసు, మధ్యాహ్నం రెండింటి పీరియడ్. వెనక బెంచీ అమ్మాయిలు కోటు బొత్తాలు విప్పుకుని నోటుబుక్కుతో విసురుకుంటుంటే, మర్యాదగా కూర్చోమని చెప్పే డ్యూటీ మాది. కోర్టుల్లోనే చూడండి, సుప్రీంకోర్టు, హైకోర్టులు తప్ప మిగతాచోట్ల వేసవిలో లాయర్లకి నల్లకోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నిబంధనే ఉంది. పదహారేళ్ల పిల్లకి ఆ పాటి మినహాయింపు లేదు.

వచ్చే ఏడాది యూనిఫాం బట్ట ఎంపిక చేసే కమిటీలో నా పేరు వేశారు. ముదురు నీలం గళ్ల నూలు, వదులు కుర్తా, కోటు వద్దు అని చెప్పాను. నలుగుతుంది, తల్లిదండ్రులు ఒప్పుకోరు అన్నారు. నలిగే మాట నిజమే, కొందరు తల్లులు ఇస్త్రీ పని పెరిగిందని నన్నే తిడతారేమో కూడా. మీటరుకి తేడా ఎంతొస్తుందో కనుక్కుని రమ్మన్నారు, వచ్చే ఆదివారం వన్‌టౌన్ వెళ్తున్నాను. నూలుకి ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా కోటు ఒక్కటి తీసేయమని మాత్రం గట్టిగా అడగబోతున్నాను. దానికి మీటరు లెక్కలు అక్కర్లేదు, కుట్టుకూలి సహా మిగులే.